మస్కటు రేవులో ఒక దినము



ఓడ ప్రయాణమంటే మనకు వెంటనే జ్ఞాపకం వచ్చేవారు యోనా, పౌలు. ఇద్దరికీ తుపాను తప్పలేదు. మా ఓడకు అటువంటిదేమీ రాలేదు గనుక ఈ వ్యాసములో తుపాను కొరకు ఎదురు చూడవద్దని ముందే మనవి చేస్తున్నాము. మా పెండ్లి జరిగి 20 సంవత్సరములు నిండినవని, దుబాయిలో పనిచేసే మా బావమరిది 2024 జనవరిలో మమ్ములనిద్దరిని పిలిపించి మూడు రాత్రుల ఓడ ప్రయాణానికి టిక్కెట్లు కొన్నాడు. క్రిస్మసు, క్రొత్త సంవత్సరపు కూడికలు ముగిసినవి గనుక సంఘ పెద్దలు కూడా సంతోషముగానే సెలవిచ్చారు. ఓడలోని పాటకచేరీల సంగతి వ్రాయుటకు ఈ పత్రిక చోటు కాదు. భోజనములు మాత్రం చాలా బాగున్నవి. ఆ ఓడ ఒక పగలంతా ఒమాను దేశపు రాజధానియైన మస్కటులో ఆగుతుంది. మేము వ్రాయదలచినది ఆ ఒక్క దినమును గూర్చియే.

మేము బయలుదేరే ముందు రాత్రి మా సంఘములోని ఒక పెద్దావిడ, ఊరంతా మామ్మ అని పిలిచే ఆమె, చిన్న స్టీలు డబ్బా నిండా సున్నుండలు తీసుకొని మా యింటికి వచ్చింది. ఆమె కూతురు మస్కటులో ఒకరి యింట పనికి వెళ్లి అప్పటికి ఆరేండ్లు. వెళ్లేనాటికి ఆ అమ్మాయి బిడ్డకు మూడేండ్లు. ఇప్పుడు నాలుగవ తరగతి చదువుతున్నది. తండ్రి లేడు.

"అయ్యగారూ, ఈ డబ్బా దాని చేతికియ్యండి. దాన్ని కళ్లారా చూసి రండి. ఫోనులో ముఖం చూపిస్తాది గాని, ఫోనులో అందరూ బాగానే ఉంటారండి. వాళ్లు సెలవియ్యట్లేదంట. ఎందుకియ్యరో అది కూడా కనుక్కోండి" అన్నది.

సరేనన్నాము. ఇయ్యవచ్చునని, చూడవచ్చునని, కనుక్కోవచ్చునని చాలా తేలికగా అన్నాము.

మాకు మస్కటులో మరియొక కోరిక కూడా ఉండెను. వేదాంత పాఠశాలలో సంఘ చరిత్ర చదివే రోజులలో థామస్ వాల్పీ ఫ్రెంచి దొరగారిని గూర్చి వినియున్నాము. ఆయన 1825లో ఇంగ్లండులో పుట్టి, ఆగ్రాలోని సెయింట్ జాన్స్ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలుగా పనిచేసి, 1877లో లాహోరుకు మొదటి బిషప్పు అయినారు. ఎన్నో భాషలు నేర్చినందున ఆయనకు ఏడు నాలుకల పాదిరి అని పేరు వచ్చింది. పది సంవత్సరములైన తరువాత బిషప్పు పదవి తామే విడిచిపెట్టి, మనుమలను ఆడించుకోవలసిన వయస్సులో, 1891 ఫిబ్రవరిలో మస్కటులో దిగినారు. వెనుక ఏ మిషను సొసైటీయు లేదు. బజారులో కూర్చుండి వినేవారికి అరబ్బీలో సువార్త చదివి వినిపించేవారు. మూడు నెలలు దాటీ దాటకముందే ఎండకు, జ్వరమునకు తాళలేక 1891 మే 14వ తేదీన ప్రభువునందు నిద్రించినారు. అప్పటికి వయస్సు 66. పాత మస్కటుకు సమీపమున, కొండలు మూసిన ఒక చిన్న సముద్రపు వంపులో ఆయన సమాధి ఉన్నది. దానిని చూడాలంటే పడవ మీద వెళ్లాలి. మా బావమరిది స్నేహితుడు ఒకరు మస్కటులోని రూవీ పేటలో ఏసీ మెకానిక్కుగా ఉన్నాడు. రాయచోటి వైపు మనిషి, విశ్వాసి. అతని ద్వారా 11 గంటలకు పడవ మాట్లాడించి, ముందుగా అయిదు రియాళ్లు అడ్వాన్సు కూడా కట్టించాము.

తెల్లవారుజామున 6 గంటలకే డెక్కు మీదికి ఎక్కాము. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన మా కండ్లకు ఆ కొండలు నమ్మశక్యము కాలేదు. గడ్డిపోచ లేదు. కాలిన ఇటుక రంగులో, పండ్ల వరుసలాగా, నీటిలోనికి దిగిపోయిన రాళ్లు. ప్రతి కొనమీద ఒక కావలి బురుజు. వాటి మధ్య తెల్లని ఇండ్ల వరుస, దాని ముందు సముద్రము. ఆ ఊరు మత్రా. ఈ రేవుకు ఇదివరకు సరుకుల ఓడలు కూడా వచ్చేవి. 2014లో వాటిని సోహారు రేవుకు మార్చిన తరువాత ఇక్కడ యాత్రికుల ఓడలే ఎక్కువ. రేవు గేటు ఎదురుగా కనబడుతూనే ఉన్నా నడవనియ్యరు. బస్సులోనే గేటు వరకు తీసికొని వెళ్లి దింపుతారు. దింపిన చోటనే రాయచోటి తమ్ముడు కారుతో నిలువబడియున్నాడు. ఆ దేశములో శుక్ర, శని వారములు సెలవు. మేము వెళ్లినది శనివారము గనుక అతనికి తీరిక దొరికింది.

ముందుగా పాత మస్కటుకు వెళ్లాము. మత్రా నుండి సముద్రము ఒడ్డునే కారులో కొద్ది నిమిషముల దారి. మధ్యలో ఒక కొండమీద, సాంబ్రాణి వేసే ధూపపాత్ర ఆకారములో పెద్ద కట్టడము ఉన్నది. కొండ దాటగానే ఊరి ద్వారము. 1970 వరకు ఈ ఊరి తలుపులు ప్రతి రాత్రి మూసేవారట. మూసిన తరువాత వీధిలో నడిచేవాడు చేతిలో లాంతరు పట్టుకొనవలెనని ఆజ్ఞ. ఈ మాట చెప్పినప్పుడు మా పాస్టరమ్మగారు, "మన ఊళ్లో కరెంటు పోయిన రాత్రులు అంతేగా" అన్నారు.

ఊరు ఒక చిన్న గిన్నెవంటిది. మూడు వైపుల కొండలు, ఒక వైపు సముద్రము. ఆ సముద్రపు వాకిటికి రెండు ద్వారబంధాలవలె రెండు కోటలు, పడమట మిరానీ, తూర్పున జలాలీ. మధ్యలో నీలము, బంగారు రంగు స్తంభములతో సుల్తానుగారి అల్ ఆలం రాజగృహము. కోటలు రాతిమీద కట్టినవని చెప్పుట చాలదు. రాయి ఎక్కడ ముగిసి గోడ ఎక్కడ మొదలయినదో దూరమునుండి కనిపెట్టలేము. కోటలకు ఎదురుగా రేవుచుట్టు ఉన్న రాళ్లమీద పాతకాలపు ఇంగ్లీషు ఓడలవారు తమ ఓడల పేర్లు సున్నముతో వ్రాసి వెళ్లేవారు. మన పిల్లలు బడిగోడమీద వ్రాసినట్లే. వాటిలో కొన్ని ఇంకను కనిపిస్తాయి.

ఈ కోటలు కట్టినవారు పోర్చుగీసువారు. 1507లో అల్బుకెర్కు అనే వారి సేనాపతి వచ్చి ఊరిని కాల్చి పట్టుకొన్నాడు. మూడు సంవత్సరముల తరువాత గోవాను పట్టుకొన్నవాడు కూడా ఇతడే. తరువాత తురకల ఓడలు 1552లోను, 1581లోను ఈ రేవుమీద పడి దోచుకొన్నవి. ఆ భయముచేత 1580ల చివరలో ఈ రెండు కోటలను ఇప్పటి రూపములో గట్టిగా కట్టారు. సముద్రము వైపునుండి ఎవరు వచ్చినా రెండు కోటల ఫిరంగుల మధ్యనుండియే రావాలి. క్రీస్తు నామము ధరించినవారే ఊరిని కాల్చి ఇక్కడ కోటలు కట్టినారని తలంచినప్పుడు మాకు కొంత సిగ్గు కలిగినది. 300 సంవత్సరములు గడచిన తరువాత అదే బజారులో సువార్తలు పట్టుకొని కూర్చున్న ముసలి బిషప్పుగారిని జనులు ఏ దృష్టితో చూచియుందురో ఆలోచించవచ్చును.

1650లో ఒమాను ఇమాము సుల్తాన్ బిన్ సైఫ్ ఈ కోటలను తీసుకొన్నాడు. ఇంత బలమైన కోట ఎట్లు పడినదో ఒమాను చరిత్రకారులు ఒక కథ వ్రాసిపెట్టారు. ఆ కాలములో మస్కటులో నరోత్తముడు అనే మన దేశపు వర్తకుడు ఉండెను. కోటకు సరుకులు అమ్మేవాడు అతడే. పోర్చుగీసు అధికారి ఒకడు అతని కుమార్తెను పెండ్లికి ఇమ్మని పట్టుపట్టాడు. తండ్రికి ఇష్టము లేదు, కాదనుటకు బలమూ లేదు. అందుచేత అతడు గడువు అడిగి, ఈలోగా కోటలో తుపాకిమందు పాతబడిపోయినదని, నీరు చెడిపోయినదని, ధాన్యమునకు పురుగు పట్టినదని, అన్నియు తీసివేసి క్రొత్తవి నింపుతానని చెప్పాడు. వారు నమ్మారు. అన్నియు బయటికి చేరిన తరువాత ఇమాముకు కబురు చేశాడు. కోట పడింది. పిల్ల తండ్రి యింటనే ఉండిపోయింది. ఇమాము అతనికి పన్నులు లేకుండ చేశాడట.

ఆ కథ రాయచోటి తమ్ముడు కారు ఆపి చెప్పినప్పుడు మేము నవ్వుకొన్నాము. ఫిరంగులన్నియు ఉండి మందు లేకపోయెనే! కాని తరువాత ఆ దినమంతా మాకు మరల మరల జ్ఞాపకము వచ్చినది ఆ ఉపాయము కాదు, కాదనలేక గడువు అడిగిన ఆ తండ్రి.

జలాలీ కోట 1970ల వరకు చెరసాల. ఇప్పుడు మ్యూజియము చేశారు గాని అది దేశాధినేతల వంటి అతిథులకే. మనవంటివారు క్రింద నిలువబడి రాతిలో తొలిచిన మెట్లను చూచి రావలసినదే. మేమును అట్లే చేశాము.

ఈ ఊరిలో ఇంకొక సంగతి జరిగింది. బిషప్పుగారు పోయిన రెండేండ్లకు, 1893లో, అమెరికా రిఫార్మ్డ్ సంఘమునుండి పీటర్ జ్వేమర్ అనే యౌవనస్థుడు మస్కటులో మిషను పని మొదలుపెట్టాడు. 1896లో, ఆఫ్రికానుండి బానిసలను తెచ్చే పడవలను ఇంగ్లీషువారు పట్టుకొన్నప్పుడు వాటిలో దొరికిన 18 మంది బాలురను ఆయనకు అప్పగించారు. తల్లి ఎవరో తెలియదు, ఊరు ఎక్కడో తెలియదు. ఆ బాలురకు అన్నము పెట్టి, చదువు, పని నేర్పుచుండగా ఆయనకే జబ్బు చేసినది. 1898లో న్యూయార్కులో ఆయన మరణించాడు. వయస్సు 30. తరువాత వచ్చిన జార్జి స్టోను అనే యువకుడు మరుసటి సంవత్సరమే ఎండకు పోయి, ఫ్రెంచి దొరగారు ఉన్న ఆ వంపులోనే సమాధి చేయబడ్డాడు. పని మాత్రం ఆగలేదు. డాక్టరు షారన్ థామ్స్ వచ్చారు, 1913లో టెలిఫోను తీగ వేయించుచు స్తంభముపైనుండి పడి పోయారు. వారి కుమారుడు డాక్టరు వెల్స్ థామ్స్ 1939లో వచ్చి సుమారు 30 సంవత్సరములు మత్రా ఆసుపత్రిలో పనిచేశారు. ఆ కాలమున మస్కటు చుట్టుప్రక్కల రోగియైన ప్రతివానికి అదే దిక్కు.

మేము మిరానీ కోట క్రింద నిలువబడి గడియారము చూచుకొనుచుండగా తమ్ముని ఫోను మ్రోగింది. మామ్మగారి కూతురు. సాయంకాలము వస్తానన్న మనిషి, సాయంకాలము వీలుపడదని, వాళ్లింటి అబ్బాయి చేపలు కొనుటకు ఇప్పుడు మత్రా తీసుకొని వస్తున్నాడని, 11 నుండి పన్నెండున్నర వరకు ఉండవచ్చునని చెప్పినది.

పడవ కూడా 11 గంటలకే. పడవవాడు మరొక సమయము ఇయ్యనన్నాడు. ఓడ సాయంకాలము 5 గంటలకు కదులుతుంది, 4 గంటలకే ఎక్కాలి. సత్యము చెప్పవలెనంటే, మాలో ఒకరు అక్కడ కొంచెము సేపు మాట్లాడక నిలువబడ్డారు. "డబ్బా తమ్ముడిచేత పంపించవచ్చును గదా, ఆమెతో ఫోనులో మాట్లాడవచ్చును గదా, ఈ సమాధి దగ్గరకు మరల జన్మలో వస్తామా" అనే మాట నోటిదాకా వచ్చింది. పాస్టరమ్మగారు అప్పటికే కారులో కూర్చుండి, డబ్బా ఒడిలో పెట్టుకొన్నారు. ఇంక మాట లేదు. అడ్వాన్సు అయిదు రియాళ్లు, అనగా మన వెయ్యి రూపాయలకు పైగా, పోయినవి.

మత్రా చేపల మార్కెట్టు రేవును ఆనుకొనియే ఉన్నది. 2017లో కట్టిన క్రొత్త కట్టడము, తెల్లగా, అలలాగా వంపులు తిరిగిన కప్పు. నేల తడిలేదు, ఈగ లేదు. మన నరసాపురము చేపలరేవు చూచినవారికి ఇది చేపల బజారని నమ్మిక కలగదు. వంజరం, సొర, మాకు పేరు తెలియని ఎర్రని చేపలు. ఆ వరుసలో నల్లని అబాయా వేసుకొన్న ఒక స్త్రీ, బండమీది వంజరపు చెవి ఎత్తి చూచి, అరబ్బీలో గట్టిగా బేరమాడుచున్నది. పాస్టరమ్మగారే ముందు గుర్తుపట్టారు. చెవి ఎత్తి చూచే ఆ పద్ధతి మన ఊరిదే.

మమ్మును చూచి, "వందనాలండి అయ్యగారూ, అమ్మగారూ, బాగున్నారాండి" అని, చేతికి చేపనీరు ఉన్నదని దూరముగానే నిలిచి, ఏడ్చింది.

చేపల సంచి తమ్ముని కారులో మంచు వేసి పెట్టి, అందరము సూక్కు వెళ్లాము. సూక్ అంటే బజారు. మత్రా సూక్ అరబ్బు దేశములలో బహు పురాతనమైనవాటిలో ఒకటి. సందులు ఇరుకు, పైన కప్పు. పూర్వము పగటివేళ కూడా వెలుతురు రాదు గనుక చీకటి బజారనే అర్థముతో పేరు పెట్టారు. ఇప్పుడు దీపములున్నవి. వెండి పిడి గల వంకర కత్తులు, ఖంజరులు అంటారు, ఒమానీయులు పండుగలకు నడుముకు కట్టుకొంటారు. ఖర్జూరములు, వెడల్పు పళ్లెములలో హల్వా, కాశ్మీరు శాలువలు. దుకాణములలో కూర్చున్నవారిలో మన దేశపువారు, బంగ్లాదేశువారే ఎక్కువ కనిపించారు. నాణెము రియాలు, దానికి వెయ్యి బైసాలు. బైసా అంటే మన పైసాయే. 1970 వరకు ఇక్కడ మన రూపాయే చెల్లింది. మన రిజర్వు బ్యాంకు గల్ఫు దేశముల కొరకు వేరు రంగులో ఆ నోట్లు ముద్రించేది.

సూక్ నిండా ఒకే వాసన, సాంబ్రాణి. మన బైబిలులో సాంబ్రాణి అని చదివినప్పుడు మనకు తోచేది కిరాణా కొట్లో దొరికే నల్లని ముద్ద. అది వేరు చెట్టుది, సుమత్రా దీవుల వైపునుండి వచ్చేది. అరబ్బులు దానిని జావా లుబాను అనేవారు. అసలు లుబాను, జ్ఞానులు శిశువైన ప్రభువునకు అర్పించినది, నైవేద్యముమీద వేయునది, ఇదే. ఒమాను దక్షిణమున ధోఫారు అను ప్రాంతములో రాళ్లమధ్య పొట్టిచెట్లు పెరుగుతాయి. కత్తితో బెరడు గీస్తే పాలు కారి, కొన్ని దినములలో గట్టిపడి కన్నీటి బొట్లవలె నిలుస్తుంది. దానిని గీరి తీసి, కొంతకాలము ఆగి అదే చెట్టును మరల గీస్తారు. మొదటిసారి కారినది తక్కువరకము. మరల మరల గీసిన తరువాత వచ్చే తెల్లని, పచ్చని ముక్కలు మేలైనవి, వెల ఎక్కువ. హోజరీ అని పేరు. ఆ సహోదరి బేరమాడి మాకు ఒక పొట్లము కొనిపెట్టింది. డబ్బు మమ్మును ఇయ్యనీయలేదు.

టీ అంగడి ముందు బల్లమీద కూర్చున్నాము. డబ్బా మూత తీసి ఒక సున్నుండ నోట్లో వేసుకొని చాలాసేపు నమలలేదు. తరువాత మేము ఆమె తల్లి మాట చెప్పాము. వాళ్లు సెలవు ఎందుకియ్యరో కనుక్కొమ్మన్నదని.

ఆమె చుట్టు చూచి, "ఈళ్లు మంచోళ్లేనండి" అన్నది. "మామాకి పక్షవాతమండి, నేనే లేపాలి, నేనే కూర్చోబెట్టాలి. నన్ను కూతురిలాగే చూస్తాదండి. రెండేళ్లకోసారి సెలవిస్తారు, టిక్కెట్టు కూడా ఇస్తారు. నేనే టిక్కెట్టు డబ్బులు తీసుకుని ఉండిపోయానండి. మొదటిసారి అప్పు తీరలేదు. రెండోసారి ఇంటికి స్లాబు వేశాం కదండీ, అదేనండి. అమ్మకి సెలవియ్యట్లేదని అబద్ధం చెప్పాను. మీరు చెప్పకండి."

ఆ స్లాబు ఇంటిని ప్రతిష్ఠించినది మేమే. రిబ్బను కత్తిరించి, ప్రార్థన చేసి, కోడికూరతో భోజనము చేసి వచ్చాము. ఆ దినమున ఆమె తల్లి మా చేతిలో పెట్టిన కవరుతో మందిరమునకు మైకుసెట్టు కొన్నాము. ప్రతి ఆదివారము మేము మాట్లాడేది దానిలోనే. ఆ డబ్బు ఎక్కడిదని మేము ఎన్నడు అడుగలేదు. గల్ఫు డబ్బు అని తెలుసును, అంతే.

"మరి మూడోసారి?" అని పాస్టరమ్మగారు అడిగారు.

"ఇప్పుడు అప్పూ లేదండి, స్లాబూ లేదు. ఇప్పుడు భయమండి. పిల్ల నన్ను చూసి అమ్మమ్మ వెనకాల దాక్కుంటాదేమోనని."

పౌలు రోమాకు ఖైదీగా వెళ్లేటప్పుడు ఓడ సీదోనులో ఆగింది. శతాధిపతియైన యూలి దయతలచి, అతడు స్నేహితుల యింటికి వెళ్లి వారి ఉపచారము పొందునట్లు అనుమతించాడు. ఆ స్నేహితులు ఎవరో, ఏమి మాట్లాడుకొన్నారో, ఎంతసేపు కూర్చున్నారో లూకా వ్రాయలేదు. ఆ బల్లమీద కూర్చున్నప్పుడు లూకా ఎందుకు వ్రాయలేదో మాకు కొంత తెలిసినట్లనిపించింది. మాట్లాడినది తక్కువ. పాస్టరమ్మగారు ఆమె చేయి పట్టుకొనియున్నారు, చేపవాసనతోనే. మేము చెప్పినది ఒక్కటే, మీ అమ్మతో మేము అబద్ధము చెప్పము, నీ మాటయు మేము చెప్పము, నీవే చెప్పుకోవాలి అని. ఆమె తల ఊపలేదు, కాదనలేదు. అక్కడనే మెల్లగా తెలుగులో ప్రార్థన చేసుకొన్నాము. టీ తెచ్చిన కుర్రవాడు ప్రార్థన ముగిసేవరకు కప్పులు పట్టుకొని నిలువబడ్డాడు.

రూవీలోను, ఘలాలోను సుల్తాను ఖాబూసు గారు ఇచ్చిన స్థలములలో ప్రొటెస్టెంటు మందిరములున్నవి. అనేక భాషలవారు అక్కడ, ముఖ్యముగా శుక్రవారములు, ఆరాధించుకొంటారు. ఎప్పుడైనా వెళ్లగలవా అని అడిగితే, మామాను విడిచి రాలేనని, శుక్రవారము వంటగదిలో ఫోను పెట్టుకొని మన మందిరపు పాటలు వింటానని చెప్పింది. మన మందిరపు పాటలు అనగా ఆ మైకుసెట్టులోనుండి వచ్చినవే, మా సంఘపు పిల్లలు ఫోనులో పెట్టేవి.

పన్నెండున్నరకు కారు వచ్చింది. కారులో ఉన్న అబ్బాయి దిగి మాకు సలాము చేసి, చేపల సంచి తానే ఎత్తుకొన్నాడు. ఆమె వెళ్లిపోయిన అరగంటకు సూక్ దుకాణములు మూసివేశారు. మధ్యాహ్నము మూసి మరల నాలుగు గంటలకు తెరుస్తారు.

మిగిలిన సమయములో మత్రా కోట ఎక్కాము. ఇదియు పోర్చుగీసువారిదే, రేవుకు ఎదురుగా ఒక సన్నని రాతి కొనమీద నిలిచియున్నది. జనులను పోనిస్తారు. మెట్లు నిట్టనిలువుగా ఉన్నవి, మోకాళ్లు నొప్పులున్నవారు క్రిందనే ఉండుట మంచిది. పైన గుండ్రని బురుజులు, ఫిరంగులు, గాలి. అక్కడనుండి చూస్తే మా ఓడ కోటకంటె పెద్దది. ఊరి ఇండ్లన్నియు దానిముందు అగ్గిపెట్టెలవలె ఉన్నవి. తూర్పున కొండల మలుపును చూపి, ఆ వెనుకనే బిషప్పుగారి సమాధి అని తమ్ముడు చెప్పాడు. కొండ మాత్రమే కనబడింది. 5 గంటలకు ఓడ కదిలినప్పుడు డెక్కుమీద నిలువబడి ఆ మలుపువైపే చూచాము. ఓడ ఆ వైపు వెళ్లలేదు, దుబాయి వైపునకు తిరిగిపోయింది.

ఇంటికి వచ్చిన మరుసటి దినము మామ్మ వచ్చింది. సాంబ్రాణి పొట్లము ఇచ్చాము. మన ఇండ్లలో సాంబ్రాణి వేయుట అలవాటు లేదు గనుక ఆమె దానిని చీరెల పెట్టెలో పెట్టుకొన్నది. "చిక్కిపోయిందాండి?" అని అడిగింది. లేదన్నాము, అది నిజమే. "సెలవెందుకియ్యరంట?" అన్నది. అది అమ్మాయే చెబుతుందన్నాము. మామ్మ మా యిద్దరి ముఖములు చూచి, ఇంకేమీ అడుగక లేచి వెళ్లిపోయింది.

పది దినముల తరువాత ఆ అమ్మాయి ఫోనులో తల్లికి అంతయు చెప్పుకొన్నది. మూడు వారములు మామ్మ కూతురితో మాట్లాడలేదు. వారి సంగతి పత్రికలో వ్రాయుటకు ఇద్దరును ఒప్పుకొనిన తరువాతనే ఇది వ్రాస్తున్నాము.

2025 వేసవిలో ఆమె వచ్చింది. మొదటి రెండు దినములు పిల్ల అమ్మమ్మ వెనుకనే తిరిగినదట. మూడవనాడు దువ్వెన తెచ్చి ఆమె ముందు కూర్చున్నది. నలభై దినములుండి, బడులు తెరిచే వారమే ఆమె మరల మస్కటు వెళ్లింది. మామా ఎదురు చూస్తున్నదని చెప్పింది. వెళ్లేముందు, మందిరపు ప్రహరీగోడకు నెలనెలా కొంత పంపుతానని మాతో అన్నది. వద్దు, ఆ డబ్బు టిక్కెట్టుకు దాచుకొమ్మని చెప్పాము. గోడ ఇంకను సగములోనే ఉన్నది.